చిన్న అచ్చుల హెలికాప్టరు నమూనాలు



సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చు ఆచారము మన గోదావరి మండలములలో నేటికిని అక్కడక్కడ నిలిచియున్నది. మెట్లపై దేవతామూర్తులు, పెండ్లివారు, కూరగాయలమ్మువారు, ఏనుగులు, రైలుబండ్లు అన్నియు చోటు చేసికొనును. పెద్ద ప్రపంచమును చిన్నదిగా చేసి కన్నుల యెదుట నిలుపుకొనవలెనను కోరిక మానవునకు సహజము. ఆ కోరికకు కొలత తోడైనప్పుడు బొమ్మ నమూనా యగును. ధవళేశ్వరమున కాటన్ దొర పేర నెలకొల్పిన మ్యూజియములో ఆనకట్ట నమూనాలను చూచినవారికి ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. బొమ్మ వస్తువును తలపించును. నమూనా వస్తువును తెలియజెప్పును.

నేటి ప్రసంగమునకు విషయము హెలికాప్టరు నమూనా. ప్లాస్టిక్కు ముక్కలను పెట్టెలో నింపి అమ్ముదురు. వానిని కత్తిరించి, రాచి, అతికి, రంగులు వేసి, నిజమైన యంత్రమునకు 72వ వంతుగానో 48వ వంతుగానో ప్రతిరూపమును నిలుపుట ఒక చేతిపని. ఇందులో రెండు తరగతుల పెట్టెలు కలవు. మొదటి తరగతివి, పెద్ద సంస్థలు ఉక్కు అచ్చులతో వేలకొలది, లక్షలకొలది పోసినవి. అందలి ముక్కలు తాళమునకు తాళపుచెవి వలె అమరును. రెండవ తరగతివి, చిన్న సంస్థలు మెత్తని అచ్చులతో కొద్ది సంఖ్యలో పోసినవి. ఇవి అంత సులభముగా లొంగవు. వీనిని గూర్చియే ముచ్చటింపదలచితిని.

విమానముల నమూనాలు ఎన్నియో ఉండగా హెలికాప్టరునే ఏల ఎన్నుకొనవలెనని కొందరు అడుగవచ్చును. మన ప్రాంతమునకు హెలికాప్టరుతో గల సంబంధము విమానముతో గల సంబంధము వంటిది కాదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ఎట్టిదో పెద్దలకు తెలియును. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులను మించినది. గట్లు తెగి, ఊళ్ళు నీట మునిగి, జనులు మేడలపైకిని గట్లపైకిని చేరినప్పుడు ఆకసమునుండి ఆహారపు పొట్లములు దిగినవి. 2022 జూలైలో మరల గోదావరి పొంగినప్పుడు విశాఖనుండి నౌకాదళపు హెలికాప్టర్లు ముంపు గ్రామములకు వచ్చినవి. రాజమహేంద్రవరము వద్ద మధురపూడి విమానాశ్రయమునుండి సముద్రములోని చమురు బావులకు పనివారిని చేరవేసినవి కూడ హెలికాప్టర్లే. ఇదే యంత్రము కోనసీమకు తీరని దుఃఖమును కూడ మిగిల్చినది. 2002 మార్చి 3వ తేదీన లోక్‌సభ స్పీకరు, అమలాపురము సభ్యులు శ్రీ జి. ఎం. సి. బాలయోగి భీమవరమునుండి బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు చేరువలో కూలి, వారు మరణించిరి. అన్నమును తెచ్చినదియు, ఆత్మీయుని కొనిపోయినదియు ఒకే జాతి యంత్రము. కనుక గోదావరి వాసికి హెలికాప్టరు కేవలము వింతవస్తువు కాదు.

ఇక చిన్న అచ్చుల సంగతి. ప్లాస్టిక్కు పెట్టెకు ప్రాణము అచ్చు. కరిగిన ప్లాస్టిక్కును అధికమైన ఒత్తిడితో అచ్చులోనికి పంపుదురు. ఉక్కు అచ్చు ఆ ఒత్తిడికి చెక్కుచెదరదు. కాని దానిని చెక్కించుటకు అయ్యెడు వ్యయము మిక్కుటము. వేలకొలది పెట్టెలు అమ్ముడుపోవునను ధైర్యమున్న సంస్థయే దానికి పూనుకొనగలదు. జనాదరణ లేని యంత్రమును, ఏదో ఒక దేశము మాత్రమే వాడిన యంత్రమును, అది ఎంత గొప్ప సేవ చేసినదైనను, పెద్ద సంస్థలు సాధారణముగా ముట్టవు. అట్టి యంత్రములకు చిన్న సంస్థలే దిక్కు. చెక్ దేశములోను, యుక్రెయినులోను ఇట్టివి కొన్ని పేరు గాంచినవి. యుక్రెయిను దేశపు అమోడల్ సంస్థ సోవియట్ వారి మి-6 అను బృహత్తరమైన హెలికాప్టరును 72వ వంతున వెలువరించినది. అసలు యంత్రపు రెక్కల చుట్టు 35 మీటర్ల వ్యాసము గలది. నమూనాలోనే అది దాదాపు 49 సెంటీమీటర్లగును.

చిన్న సంస్థలు అల్యూమినియము వంటి మెత్తని లోహముతోనో, గట్టిపడు జిగురు పదార్థముతోనో అచ్చు చేసికొని, తక్కువ ఒత్తిడితో పోతపోయుదురు. అచ్చు కొన్ని వందల పెట్టెలకో, కొన్ని వేల పెట్టెలకో అరిగిపోవును. ఒత్తిడి తక్కువ గనుక ప్లాస్టిక్కు పారుటకు దారులు వెడల్పుగా నుండవలెను. అందుచేత ముక్కలు లావైన కాడలకు అంటుకొని వచ్చును. అచ్చు రెండు పాళ్ళు గట్టిగా కరచుకొనవు గనుక అంచులవెంట పలుచని పొర మిగులును. ఎడమ పార్శ్వమును కుడి పార్శ్వమును చేర్చుటకు పెద్ద సంస్థల పెట్టెలలో చిన్న మేకులును, వానికి తగిన రంధ్రములును ఉండును. ఇందు అవి ఉండవు. సూక్ష్మమైన భాగములు ప్లాస్టిక్కులో పోయరావు గనుక వానిని రెజిన్ అను పెళుసు పదార్థముతోను, పలుచని ఇత్తడి రేకుతోను వేరుగా చేసి ఇత్తురు. ఈ లోపములన్నియు అశ్రద్ధవలన వచ్చినవి కావు. అచ్చు స్వభావమువలన వచ్చినవి. ఈ సంగతి గ్రహించినవాడు పెట్టెను తిట్టడు.

మొదటి పని జిగురు తీయుట కాదు. ముక్కలను సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. అచ్చునుండి ఊడివచ్చుటకు పూసిన జిడ్డు మిగిలియున్నచో రంగు నిలువదు. పిమ్మట ఒక్కొక్క ముక్కను కాడనుండి సన్నని రంపముతో కోయవలెను. కత్తెరతో తునిమినచో లావైన కాడ ముక్కను కూడ కొంత పెరికికొని వచ్చును. అంచుల పొరను కత్తితో గీకి, ఉప్పుకాగితమును గాజుపలకకు అంటించి, దానిపై అతుకు అంచులను మెల్లగా రాయవలెను. గాజుపలక చదును ఏ చేతికిని రాదు. రెండు పార్శ్వములను జిగురు లేకయే పదిసార్లు చేర్చి చూచినను తప్పులేదు. వెలుతురునకు పట్టి చూచినప్పుడు సందులో వెలుగు కనిపించనంత వరకు పని ముగియలేదని తెలియవలెను.

మేకులు లేని లోటును మనమే తీర్చుకొనవలెను. పారవేయవలసిన కాడలనుండి సన్నని పలుకలు కోసి, ఒక పార్శ్వము లోపలి అంచున సగము లోనికి, సగము వెలుపలికి ఉండునట్లు అంటించినచో రెండవ పార్శ్వము వానిపై కూర్చుండును. తాళ్ళరేవు పరిసరములలో కొయ్యపడవలు కట్టు వడ్రంగులు పలకకు పలక ఒరిసి చూచి, చెక్కి, మరల ఒరిసి చూచుట మనకు తెలిసినదే. రెండు పలకలు ఎచ్చట కలిసికొనునో వడ్రంగి కన్ను నిర్ణయించును. చిన్న అచ్చుల పెట్టె కూడ మననుండి ఆ కన్నునే కోరును.

ఒక ఉదాహరణము తీసికొందము. రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు గల చేతక్ మన దేశమునందు మిక్కిలి వాడుకలో నున్న తేలిక హెలికాప్టరు. ఇది ఫ్రెంచివారి అలూయెట్ 3 అను యంత్రము. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ 1962లో అనుమతి ఒప్పందము పొంది, 1965 నుండి దీనిని ఇచ్చటనే నిర్మించినది. రెక్కల చుట్టు వ్యాసము సుమారు 11 మీటర్లు. 72వ వంతున అది 15 సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. అరచేతిలో పట్టునంతటి వస్తువు. కాని కట్టబూనినవానికి ఇందు మూడు చిక్కులు కలవు.

మొదటిది బరువు. చేతక్ మూడు చక్రములపై నిలుచును. ఒకటి ముందు, రెండు వెనుక. నమూనాలో తోకబరువు ఎక్కువైనచో ముందు చక్రము గాలిలోనికి లేచి, యంత్రము తోకపై చతికిలబడును. ముక్కున బరువు పెట్టుదమన్నచో ఆ ముక్కు అంతయు పారదర్శకము, పెట్టినది కనబడిపోవును. కనుక ఆసనముల క్రిందను, నేల క్రిందను దాచవలెను. మన మత్స్యకారులు వలలకు కట్టు సీసపు గుండ్లను సాగగొట్టి వాడినచో తక్కువ చోటున ఎక్కువ బరువు సమకూరును. సీసమును ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెను. పిల్లలకు దానిని ఇయ్యరాదు.

రెండవది ఆ పారదర్శకమైన ముక్కు. చిన్న సంస్థలు తరచుగా దీనిని పలుచని పలకను వేడిచేసి, గాలి లాగి, అచ్చుపై దించి ఇత్తురు. ఆత్రేయపురపు పూతరేకును మడచుటకు ఎట్టి చేయి కావలెనో దీనిని కత్తిరించుటకు అట్టి చేయి కావలెను. లోపల మెత్తని మైనమునో, పిల్లలాడుకొను బంకమట్టినో నింపి, గట్టితనము కలిగించి, ఒకే గీతను పలుమారులు తేలికగా గీయుచు పోవలెను. బలము ప్రయోగించినచో పగుళ్ళు తప్పవు. దీనిని అతుకుటకు త్వరగా పట్టు జిగురు పనికిరాదు. దాని ఆవిరిచేత పారదర్శకత పోయి తెల్లని మసక కమ్మును. చెక్కపనికి వాడు తెల్లజిగురు చాలును. అది ఆరిన పిమ్మట కానరాదు. పొరపాటైనచో తడిగుడ్డతో తుడిచివేయవచ్చును.

మూడవది రెక్కలు. నిజమైన యంత్రములో ఒక అంగుళము మందమున్న భాగము 72వ వంతున మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే ఉండవలెను. మెత్తని అచ్చునుండి అంత పలుచని రెక్క రాదు. వచ్చిన దానిని రెండు వైపుల రాచి పలుచన చేయవలెను. నిలిచియున్న యంత్రములో రెక్కలు తమ బరువుచేత కొసలవద్ద కొంచెము వంగియుండును. ఆ వంపు లేని నమూనా కొయ్యబారినట్లు కనిపించును. రెక్కలను కేంద్రమునకు అంటించుటకు ముందు కాగితముపై మూడు గీతలను 120 అంశల కోణమున గీసి, ఆ గీతలపై రెక్కలనుంచి, అతుకులో సన్నని ఇత్తడి తీగ దూర్చినచో అది నిలుచును. వట్టి జిగురును నమ్మినచో మొదటిసారి దుమ్ము దులుపునప్పుడే రెక్క చేతికి వచ్చును.

ఇచ్చటనే ఒక ముఖ్యమైన సంగతి కలదు. పెట్టెలోని సూచన కాగితము అన్నియు చెప్పదు. ఫ్రెంచి హెలికాప్టర్ల రెక్కలు పైనుండి చూచినప్పుడు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు తిరుగును. అమెరికావారివి అందుకు వ్యతిరేకముగా తిరుగును. రెక్కకు గుండ్రని అంచు ముందును, పలుచని అంచు వెనుకను ఉండవలెను. దిక్కు తెలియనివాడు రెక్కలను తిరగవేసి అంటించును. ఆ యంత్రము నిజమైనచో నేలనుండి లేవజాలదు. సోవియట్ వారి మి-8కి తోకపై తిరుగు చిన్నచక్రము కుడిప్రక్కన ఉండును. దాని తరువాతిదైన మి-17కు అది ఎడమప్రక్కన ఉండును. మన వైమానికదళము రెంటిని వాడినది. మి-8ని 2017లో విరమించినది. రెంటి దేహములు దాదాపు ఒకటే. ఒక చిన్నచక్రము ఏ ప్రక్కన అంటించితిమో దానిని బట్టి నమూనా నిజమైనను కావచ్చును, కల్లయైనను కావచ్చును.

చక్కగా అమరు పెట్టె కట్టువానికి ఈ విషయములు తెలియకున్నను పని జరిగిపోవును. ముక్క తానే తన స్థానమును చెప్పును. చిన్న అచ్చుల పెట్టెలో ముక్క ఏమియు చెప్పదు. తలుపు ఎచ్చట ముగియునో, గొట్టము ఏ వైపునకు వంగునో, ఆసనములు ఎన్నియో ఛాయాచిత్రములు వెదకి, కొలతలు గుణించి తెలిసికొనవలెను. పని పూర్తియగునప్పటికి కట్టినవాడు ఆ యంత్రమును క్షుణ్ణముగ ఎరిగినవాడగును. లోపమున్న పెట్టె నేర్పునంతటి విద్యను లోపము లేని పెట్టె నేర్పదు. ఈ పనికి నేను ఇచ్చు విలువ అంతయు ఈ ఒక్క విషయముపై ఆధారపడియున్నది.

గోదావరి తీరమున ఈ పని చేయువారు ఋతువును కూడ ఎరుగవలెను. వానకాలమున గాలిలో తేమ అధికము. త్వరగా ఆరు రంగులను అట్టి దినములందు చల్లినచో పైపొర తెల్లగా మసకబారును. కోయుట, రాయుట, అతుకుట వంటివి వానకాలమున ముగించి, రంగుల పనిని పొడి దినములకు ఉంచుకొనుట మేలు. తొందరయైనచో ఎండ బాగుగా నున్న మధ్యాహ్నమును ఎన్నుకొనవలెను. జిగురులకును, రంగులకును ఘాటైన ఆవిరి ఉండును. కిటికీలు తెరచి పనిచేయవలెను, దీపము చెంత పనిచేయరాదు. రెజిన్ ముక్కలను పొడిగా రాచినచో లేచెడు ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఉప్పుకాగితమును నీట తడిపి రాచి, ఆ బురదను తుడిచివేయవలెను. పసిబిడ్డలున్న ఇంటిలో కత్తులను, ఇత్తడి రేకుముక్కలను ఏ పూటకు ఆ పూట పెట్టెలో వేసి తాళమిడుట అవసరము.

ఖర్చు సంగతి కూడ దాచరాదు. ఇట్టి పెట్టెలు తరచుగా విదేశములనుండి రావలెను. వెల స్వల్పము కాదు. కాని ఒక్క పెట్టె మూడు నాలుగు నెలల సాయంకాలములకు పని కల్పించును. నర్సాపురపు స్త్రీలు ఒక్క లేసు అల్లికకు ఎన్ని దినములు కూర్చుందురో ఎరిగిన మనకు ఈ ఓర్పు క్రొత్త కాదు. మొదటిసారి పూనుకొనువారు ముందుగా సులభమైన పెట్టెలు రెండు మూడు కట్టి చేయి తిరిగిన పిమ్మటనే దీనికి రావలెను.

మన తూర్పుతీరపు ఆకసమునుండి ఇటీవలనే ఒక యంత్రము తొలగినది. అమెరికాలో పుట్టిన యు.హెచ్. 3హెచ్ అను హెలికాప్టర్లు 2007లో జలాశ్వ నౌకతోపాటు మన నౌకాదళమునకు వచ్చినవి. 2009లో విశాఖలోని డేగా స్థావరమున వీనికొక దళము ఏర్పడినది. సముద్రమున చిక్కినవారిని వెదకి రక్షించుట, ఆపన్నులకు సహాయము చేరవేయుట వీని పనులలోనివి. 2024 జూన్‌లో వీనిని సేవనుండి విరమించిరి. వీని అడుగుభాగము పడవవలె మలచబడినది. అవసరమైనచో నీటిపై దిగుటకు. ఐదు రెక్కల చుట్టు వ్యాసము 62 అడుగులు. 72వ వంతున అది పది అంగుళములు దాటును. అందొకటి విశాఖ సాగరతీరమున ప్రదర్శనకు నిలిచినది. నమూనా కట్టదలచిన యువకులు రైలెక్కి పోయి, దాని చుట్టు తిరిగి, తలుపు కొలతలు, మేకుల వరుసలు, రంగు వెలసిన చోట్లు కన్నులార చూచి రావచ్చును. ఎన్ని ఛాయాచిత్రములైనను అట్టి చూపుతో సరితూగవు.

చూడవలసినది యంత్రమును మాత్రమే కాదు. అడుగవలసిన మనుష్యులును కలరు. 1986 వరదను చూచినవారు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. అప్పుడు పదియేండ్ల పిల్లలైనవారికి నేడు సుమారు ఏబదియేండ్లు; నాటి పెద్దలు చాలమంది గతించిరి. ఏ దినమున హెలికాప్టరు వచ్చినది, ఎంత క్రిందుగా దిగినది, ఏ ప్రక్క తలుపునుండి పొట్లములు పడినవి, దాని రంగు ఏమి, అందలి మనిషి చేయి ఊపెనా అను ప్రశ్నలు సాయంకాలము నమూనా బల్లచెంత కూర్చుండి అడిగినచో, మీ తాతగారో, అమ్మమ్మగారో చెప్పు సమాధానములు ఏ గ్రంథమునను దొరకవు. నమూనా నిలుపు పీటపై యంత్రము పేరు మాత్రమే వ్రాయక, అది మీ ఊరికి వచ్చిన సంవత్సరమును, చూచినవారు చెప్పిన మాటను కూడ రెండు పంక్తులలో వ్రాయుడు. పెట్టె వచ్చువరకు ఆగనక్కరలేదు. ఆ రెండు పంక్తులు ఈ రాత్రియే అడిగి వ్రాసికొనవచ్చును.